చెట్టు పోసినట్టు

ఉదయలక్ష్మి ఇంట్లో బట్టలుతికే గది ఊపిరి పీలుస్తూ ఉండేది.

వాషింగ్ మిషను పక్కన, తడి తువ్వాలు కప్పుకుని, తెల్లటి ప్లాస్టిక్ డ్రమ్ము ఒకటి కూర్చుని ఉండేది. దాని మూతకి గుచ్చిన చిన్న గొట్టంలో నీటి బుడగలు. టుబుక్. కాసేపు ఏమీ లేదు. మళ్ళీ టుబుక్. వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్నా, ఫోన్లో మాట్లాడుతున్నా, ఆ చప్పుడు వినబడగానే ఆమె ఒక్క క్షణం ఆగేది. ముఖం మీద ఒక వెలుగు నడిచి వెళ్ళేది. లోపల బీరు పులుస్తోంది. దుకాణంలో కొన్నది కాదు. తన బీరు.

అది పందొమ్మిది వందల తొంభై తొమ్మిది. అడిలైడ్‌కి ఉత్తరాన మాసన్ లేక్స్ అప్పుడే పుడుతోంది. చెరువులు తవ్వారు గానీ గట్ల మీద గడ్డి ఇంకా అతుకులు వేసిన దుప్పటిలా ఉంది. కొన్ని వీధులకి పేర్లున్నాయి, ఇళ్ళు లేవు. పక్కనే యూనివర్సిటీ, దాన్ని ఆనుకుని టెక్నాలజీ పార్కు. ఆ పార్కులో ఒక అద్దాల భవనంలో ఆమె భర్త పాండురంగ పాత ప్రోగ్రాముల్లో తేదీలు వెతికి దిద్దుతున్నాడు. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు దాన్ని పందొమ్మిది వందలనుకుని తప్పటడుగు వేస్తాయని లోకమంతా వైటూకే, వైటూకే అని కంగారుపడుతున్న రోజులవి. ఆ కంగారే ఆ ఇద్దర్నీ కరీంనగర్ నుంచి ఇంత దూరం మోసుకొచ్చింది. కాంట్రాక్టు మార్చి దాకా. ఆ తర్వాత ఏ ఊరో, ఏ దేశమో ఎవరికీ తెలియదు.

ఉదయలక్ష్మి గౌండ్ల ఇంటి పిల్ల. తండ్రి రాజలింగం తాడిచెట్లు గీసేవాడు. చెట్టెక్కే తాడు, మోకు, నడుముకి చుట్టుకుని తెల్లారకముందే ఆకాశంలోకి నడిచి వెళ్ళేవాడు. నిండిన కల్లు కుండతో, లొట్టితో దిగేవాడు. కిందకి దిగిన కల్లు తల్లిది. కల్లు అమ్మే మండువలో కూర్చుని, లొట్టిని భుజం దాకా ఎత్తి, తాగేవాడు పట్టుకున్న తాటాకు రేకలోకి వదిలేది. ఒక తెల్లటి దారం గాలిలో వేలాడేది. రేక నిండా నురగ పువ్వులా విచ్చుకునేది. నురగ లేవకపోతే కల్లు కల్లే కాదు.

ఆ ఇంట్లో మగవాళ్ళ చేతులు పుట్టించేవి, ఆడవాళ్ళ చేతులు అమ్మేవి. చిన్నప్పుడు ఒకసారి ఉదయలక్ష్మి మోకు తీసి తన నడుముకి చుట్టుకుంటే నాయనమ్మ లాక్కుని గోడకి తగిలించింది. "ఎక్కెటోళ్ళు ఎక్కుతరు. నువ్వు పోసుడు నేర్చుకో."

నేర్చుకుంది. తల్లి పోయాక ఆ మణికట్టు తనకొచ్చింది. ఎంత ఎత్తు నుంచి పోసినా ఒక్క చుక్క తొణకదు. కానీ పుట్టించడం అనే మాట ఎక్కడో లోపల, తగిలించిన మోకులా, అలాగే ఉండిపోయింది.

దాన్ని దించింది పక్కింటి గ్లెనిస్. స్కూలు బస్సు నడిపే పొడుగాటి మనిషి, మోచేతుల దాకా ఎండ మచ్చలు. ఇంట్లో బీరు కాచుకోవడం ఆమెకి పెళ్ళికన్నా పాత అలవాటు. ఒక శనివారం మధ్యాహ్నం గోడ మీదనుంచి పిలిచి, తన పాత డ్రమ్ము ఉదయలక్ష్మికి అందించింది. ఒక డబ్బా మాల్ట్ పాకం, చక్కెర, నీళ్ళు, ఒక చిన్న ఈస్ట్ పొట్లం. మర్నాటికి డ్రమ్ము మాట్లాడటం మొదలుపెట్టింది. ఉదయలక్ష్మి మూత దగ్గర ముక్కు పెట్టి వాసన చూసింది. కళ్ళు మూసుకుంది. ఆ వాసనకి తను కొత్త కాదు. అది ఆమెని పేరు పెట్టి పిలిచినట్టే ఉంది.

రెండు వారాలు సీసాల్లో ఉంచి తెరిచిన మొదటి సీసా! పాండురంగ ఒక గుక్క తాగి, గ్లాసుని దీపానికి ఎత్తి చూసి, మళ్ళీ తాగాడు.

"ఏం చేసినవే ఉదయా! దుకాణం బీరు దీని ముంగట ఏం పనికొస్తది?"

"నిజంగనా? నా కోసం అంటున్నవా?"

"నీ కోసమైతే ఒక్క గ్లాసుతోని ఆగుదును. ఇంకోటి పొయ్యి."

సాలిస్‌బరీలో ఒక స్కౌట్ హాలు ఉంది. ఇంట్లో బీరు కాచేవాళ్ళంతా కొన్ని నెలలకోసారి ఆదివారం మధ్యాహ్నం అక్కడ చేరతారు. ఆ హాల్లో గోడకి పొడుగాటి చెక్క అర. అర మీద వరసగా సీసాలు, ఒక్కో సీసాకి ఒక్కో పేరు. రుచి చూసే రోజున నెగ్గిన వాళ్ళ సీసా ఆ అర మీదకెక్కుతుంది. ఎక్కాక ఎవరూ దించరు. ఒక నియమం: తెచ్చే బీరు సీసాలో కనీసం ఆరు వారాలు నిలిచి ఉండాలి. నిన్నటి బీరు ఎవరైనా చేస్తారు, నిలిచే బీరు చెయ్యాలి అంటారు వాళ్ళు. ఇంకో నియమం: కొత్తవాళ్ళకి మూడు అవకాశాలు. మూడూ పోతే మళ్ళీ వచ్చే వేసవే.

ఉదయలక్ష్మి మొదటిసారి ఆ అర కింద నిలబడి పేర్లన్నీ చదివింది. రెండు పేర్ల మధ్య ఖాళీ ఒకటుంది. సరిగ్గా ఒక సీసా పట్టేంత. ఆ రాత్రి పడుకున్నా అది కళ్ళ ముందే ఉంది.

రుచి చూసే పెద్దాయన లెస్. రైలింజను నడిపి రిటైరైనవాడు. తెల్లటి మీసం, నిదానమైన చేతులు. మొదటిసారి ఆమె సీసా తెరిచి, ఒక గుక్క నోట్లో తిప్పి, గ్లాసుని మెల్లగా పక్కకి జరిపాడు.

"తడిసిన అట్టపెట్టె, తల్లీ. సారీ."

ఆమె తాగి చూసింది. నిజమే. రెండు వారాలప్పుడు పండులా నవ్విన బీరు, ఇప్పుడు వానకి నానిన అట్టలా ఉంది. ఇంట్లో బతికి ఉన్నది ఇక్కడికొచ్చేసరికి చచ్చిపోయింది. కారులో కుదుపుకా? ఎండకా? రెండోసారి సీసాల్ని తడిగుడ్డలో చుట్టింది. సరిపోదనిపించి ఉప్పు దిష్టి తీసి మరీ తీసుకెళ్ళింది. లెస్ మళ్ళీ అదే మాట అన్నాడు. ఈసారి సారీ రెండుసార్లు చెప్పాడు.

ఇక మిగిలింది ఒక్కటే అవకాశం, ఫిబ్రవరిలో. అది పోతే వచ్చే వేసవి. వచ్చే వేసవికి వాళ్ళు ఇక్కడుంటారని ఎవరు చెప్పగలరు?

ఓదార్చడానికి వచ్చిన గ్లెనిస్‌కి ఉదయలక్ష్మి టీ పెట్టింది. దిగులుగా ఉన్నా చేతికి దిగులు లేదు. గిన్నెలోంచి గ్లాసులోకి, గ్లాసులోంచి గిన్నెలోకి, చెయ్యి తలకన్నా పైకెత్తి టీ తిరగపోస్తోంది. గ్లెనిస్ కుర్చీలో ముందుకి వంగింది.

"ఉదయా, బీరు సీసాల్లోకి కూడా ఇలాగే పోస్తావా?"

"ఇంతకన్నా ఎత్తు నుంచి!" అంది ఉదయలక్ష్మి. ఆ రోజంతటిలో ఆమె ముఖంలో మొదటిసారి గర్వం కనిపించింది.

గ్లెనిస్ రెండు చేతులతో తల పట్టుకుంది. "నేనిచ్చిన గొట్టం ఏం చేశావు?"

"అది చాలా స్లో. దాంతో కరివేపాకు మొక్కకి నీళ్ళు పెడుతున్నా."

గ్లెనిస్ ముందు నవ్వింది, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా. తర్వాత చెప్పింది. పులిసేటప్పుడు బీరు తన గాలిని తానే పుట్టించుకుంటుంది, ఆ గాలి దానికి దుప్పటి. పులియడం అయిపోయాక బయటి గాలి తగిలితే అది శత్రువు. ఎత్తు నుంచి దూకించిన ప్రతి చుక్కా కాసింత గాలిని కౌగిలించుకుని సీసాలోకి వెళ్తుంది. మొదట్లో ఏమీ తెలీదు, రుచిగానే ఉంటుంది. వారాలు గడిచేకొద్దీ ఆ గాలి లోపల కూర్చుని, ఇనుముకి తుప్పు పట్టినట్టు, మెల్లమెల్లగా రుచిని తినేస్తుంది. అందుకే గొట్టం. డ్రమ్ము కుళాయికి తగిలించి, కొస సీసా అడుగుకి ఆనించి, అడుగు నుంచి పైకి నింపాలి. మెడ దగ్గర కాస్త చోటు మాత్రమే వదలాలి. మూత వదులుగా పెట్టి, నురగ లేచి మెడలో గాలిని బయటికి తోసేదాకా ఆగి, అప్పుడు బిగించాలి.

రాత్రి భోజనం దగ్గర ఇదంతా విన్న పాండురంగ ముద్ద ఆపి నవ్వు మొదలుపెట్టాడు.

"మా ఆఫీస్‌ల గిదే కథనే! ఎప్పుడో ఎవడో తేదీలకెళ్ళి రెండంకెలు తీసేసిండు. గప్పుడు మంచిగనే నడిసింది. ఇప్పుడు బయటపడ్తుంది. నీ బీరుది గూడ వైటూకేనే!"

"నవ్వకు. ఎల్లుండి కొత్త డ్రమ్ము పెడ్తున్న. నీ అంగీలన్నీ ఆ అల్మరకెళ్ళి తీసెయ్యి, సీసలకు సల్లగ ఉండే జాగ అదొక్కటే."

"నా అంగీలు యాడుండాలె?"

"నీ ఒంటి మీద."

డిసెంబరు మొదట్లో రాజలింగం వచ్చాడు. భార్య పోయాక మొదటిసారి కూతురింటికి. తెల్ల ధోవతి, భుజం మీద తువ్వాలు, అరికాళ్ళు తాటి మట్టల్లా గట్టిపడిన మనిషి. సంచిలో దాచి తెచ్చిన తాటాకు రేకల్ని విమానాశ్రయంలో తీసేసుకున్నారు.

"ఆకు ముక్కకు గంత భయమా బిడ్డా ఈ దేశానికి?" అని కారెక్కినప్పటినుంచీ అడుగుతూనే ఉన్నాడు.

ఒక కూడలి మధ్యలో ఖర్జూరపు చెట్లు కనిపించగానే కారు ఆపమన్నాడు. దిగి, మెడ వెనక్కి వంచి, బోదెని అరచేత్తో తట్టి చూశాడు.

"అల్లుడా, ఇది కల్లు పారుతది. ఒక మోకు దొరుకుతదా?"

"మామా, దండం పెడ్త. కౌన్సిలోళ్ళు నన్నూ నిన్నూ కలిపి తోలుతరు."

ఆ సాయంత్రం అల్లుడు దుకాణం బీరు ఒక గ్లాసులో పోసిచ్చాడు. రాజలింగం ఒక చుక్క నాలుక మీద పెట్టుకుని, కూతురి వైపు తిరిగాడు. "ఇదెప్పుడు సచ్చిందే బిడ్డా?"

ఉదయలక్ష్మికి నవ్వాగలేదు. వెంటనే చెయ్యి పట్టుకుని బట్టల గదిలోకి లాక్కెళ్ళింది. "ఇది బతికే ఉన్నది బాపూ. చెవి పెట్టు."

ఆయన డ్రమ్ముకి చెవి ఆనించాడు. టుబుక్. కళ్ళు పెద్దవయ్యాయి. మళ్ళీ ఆనించాడు. చాలాసేపు లేవలేదు. "నువ్వేనా చేసింది?" అని మాత్రం అడిగాడు.

"నేనే."

ఏమీ అనలేదు. ఆ ఏమీ అనకపోవడం ఎలాంటిదో తేల్చుకోలేక ఆమెకి ఆ రాత్రి నిద్ర సరిగ్గా పట్టలేదు.

సీసాలు నింపే శనివారం వచ్చింది. ఈ దేశంలో డిసెంబరంటే వేసవి; ఎండకి కిటికీల పక్కన గాలి వణుకుతోంది. కడిగిన సీసాలు గదిలో బారులు తీరి, గాజుతో చేసిన చిన్న తోటలా మెరుస్తున్నాయి. ఒక్కోదాంట్లో నురగ కోసం ఒక చెంచా చక్కెర. కొత్త గొట్టం కుళాయికి తగిలించింది. మొదటి సీసా నింపి చూపించింది. రాజలింగం స్టూలు మీద కూర్చుని, ఆ గొట్టంలో నత్తలా పాకే బీరుని చూసి నిట్టూర్చాడు.

"గిట్లయితే దీపావళి దాక నింపవచ్చు."

"మొన్ననే అయింది దీపావళి."

"నేను వచ్చేటి దీపావళే అంటున్న."

ఆమె నవ్వుతూ మరిగించిన మూతలు తేవడానికి వంటింట్లోకి వెళ్ళింది. గిన్నెతో తిరిగొచ్చి గుమ్మంలో నిలబడిపోయింది.

రాజలింగం గొట్టం ఊడదీసేశాడు. పెద్ద జగ్గులోకి బీరు పట్టి, నిలబడి, చెయ్యి భుజం పైకెత్తి పోస్తున్నాడు. కిటికీలోంచి పడుతున్న ఎండలో బంగారు దారం ఒకటి, సన్నగా, తెగకుండా, సీసా మెడలోకి దిగుతోంది. ఒక్క చుక్క కింద పడటం లేదు. ఎంత అందంగా ఉందంటే, ఆమె ఊపిరి కూడా దానితో పాటే వేలాడింది. అది తల్లి చెయ్యి, ఏళ్ళ తరబడి పక్కన చూసి చూసి ఆయనకొచ్చింది. ఆ మణికట్టు వంపు, చివర్లో ఆ చిన్న విరుపు. తల్లి పోయిన ఇన్నేళ్ళకి, ఈ దేశంలో, ఈ బట్టల గదిలో.

అప్పటికే నాలుగు సీసాలు నురగతో పొంగుతున్నాయి.

"ఆగు!" అంది.

తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. తండ్రిని ఆగమనడం ఆమె జన్మలో అదే మొదలు. జగ్గు గాలిలోనే నిలిచింది.

"నా చేతికి వంక పెడ్తున్నవా?" అన్నాడాయన. గొంతు పెంచలేదు. "ఈ చేతులు దించిన కల్లు తాగి మూడూర్లు బతికినయ్."

జగ్గు దించి, తువ్వాలు భుజాన వేసుకుని, వెనక తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు.

ఉదయలక్ష్మి ముందు కుళాయి బిగించింది. నాలుగు సీసాలకి మూతలేసి, మెడలకి ఎర్ర దారం కట్టి పక్కన పెట్టింది. డ్రమ్ములో ఇంకా చాలా బీరుంది. గొట్టం తగిలించి ఒక్కతే నింపుకోవచ్చు. నింపుకుంటే ఫిబ్రవరి దక్కుతుంది. కానీ ఆ చెయ్యిని ఆపి, దాన్ని బయట కూర్చోబెట్టి, నెగ్గిన బీరు ఎవరికి పోస్తుంది?

చెప్పులు వేసుకుని పరిగెత్తింది.

ఆయన చెరువు గట్టున కూర్చున్నాడు. కొత్త నీళ్ళ మీద నల్ల హంస ఒకటి, తను తప్పు ఊరికొచ్చానేమో అన్నట్టు అటూ ఇటూ చూస్తోంది. ఉదయలక్ష్మి పక్కన కూర్చుంది.

"బాపూ, అవ్వ పోసిన కల్లు ఎంతసేపు ఉంటుండె?"

ఆయన ఒక గడ్డిపరక పీకి నీళ్ళలోకి విసిరాడు. తర్వాత ఉండబట్టలేక అన్నాడు. "ఎంతసేపేంది? పొద్దుగూకేటాలకు ఒడవాలె. తెల్లారితే ఎవడు ముడ్తడు?"

"నాది ఫిబ్రవరి దాక ఉండాలె. సీసల గాలి సొచ్చిందంటే గప్పటిదాక ఆగది."

"హూఁ."

"ఇంకోటి చెప్పు. చెట్టు నీకెట్ల పోస్తుండె? లొట్టిలకు మీదికెళ్ళి దుంకుతుండెనా?"

రాజలింగం ఆమె వైపు తిరిగాడు. ఇంత తెలివితక్కువ ప్రశ్న తన ఇంట్లో పుట్టిన పిల్ల అడుగుతుందా అన్నట్టు. "చెట్టెందుకు దుంకిస్తది? గెల కొసకెళ్ళి జారుతది. లొట్టి లోపలి అంచు పట్టుకొని దిగుతది. సప్పుడే ఉండది. రాత్రంతా పారినా చెట్టు కింద పండుకున్నోడు ఇనలేడు."

"గదే బాపూ." ఆమె గొంతులో ఉత్సాహం తన్నుకొచ్చింది. "అవ్వ పోసింది తాగెటోనికి. చెట్టు పోసింది లొట్టికి. నేనిప్పుడు గిరాకికి పోస్తలేను, సీస నింపుతున్న. నాకు అవ్వ చెయ్యి వద్దు. చెట్టు చెయ్యి కావాలె."

హంస మెడ వంచి నీళ్ళలో ముంచింది. ఆయన దాన్నే చూస్తూ కూర్చున్నాడు. నుదుటి మీద గీతలు ఒక్కొక్కటే కదిలాయి.

"గా మాట ముందు చెప్పొద్దా?" అని లేచాడు. "నడువు. డ్రమ్ము ఎదురుసూస్తది."

ఆ తర్వాత ఆ గదిలో జరిగింది ఉదయలక్ష్మి ఎన్నేళ్ళైనా చెప్పుకుంటూనే ఉంది. ఆయన నేల మీద గొంతుక్కూర్చుని, గొట్టం కొస సీసా అడుగుకి ఆనించి, సీసా పక్కన చెవి పెట్టాడు. బీరు లోపల పైకి లేస్తోంది, చెరువులో నీటిమట్టంలా, అల లేకుండా. కళ్ళతో చూడటం లేదు. వింటున్నాడు. ఎక్కడైనా చిన్న గుటుక్ వినిపిస్తే గొట్టాన్ని వెంట్రుకవాసి జరిపేవాడు. "సప్పుడైతే తప్పు" అని గొణుక్కునేవాడు. ఆమె మూత వదులుగా పెడుతోంది. నురగ మెల్లగా లేచి మూత అంచు తాకగానే ఇద్దరూ ఒకేసారి "ఆఁ" అనేవాళ్ళు, ఆమె బిగింపు యంత్రం మీట నొక్కేది. మూత బిగిసేది. ఇంకొకటి. ఇంకొకటి. బయట చెట్ల మీద గులాబీ రంగు చిలకలు అరుస్తున్నాయి. లోపల ఇంత పని జరుగుతున్నా ఎంత నిశ్శబ్దమంటే, శనివారం కూడా ఆఫీసుకెళ్ళి వచ్చిన పాండురంగ ఇంట్లో ఎవరూ లేరనుకున్నాడు.

కొత్త సంవత్సరం రాత్రి పాండురంగ ఆఫీసులోనే ఉన్నాడు. పొద్దున ఎర్రటి కళ్ళతో, చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకుని, గేటు దగ్గర్నుంచే అరుస్తూ వచ్చాడు.

"ఏం కాలే! ఒక్కటి గూడ ఆగలే! లైట్లు వెలుగుతున్నయ్. లిఫ్టు పైకి పోయింది, కిందికొచ్చింది!"

"పోనీ, కిందికి రావుడు మంచిదైంది" అంది ఉదయలక్ష్మి, అతని చొక్కా సర్దుతూ. 

మధ్యాహ్నం పెరట్లో బార్బెక్యూ పొయ్యి వెలిగించారు. మసాలా పట్టించిన కోడి ముక్కలు, గ్లెనిస్ తెచ్చిన సాసేజీలు. ఎర్ర దారం కట్టిన సీసాలు మూడు తెరిచారు. రాజలింగం పోసిన సీసాలు. మూత లేవగానే బుస్సుమంది. నురగ గ్లాసు దాటి ఉబికింది. రుచి నిగనిగలాడుతోంది. గ్లెనిస్ కనుబొమ్మలు ఎత్తింది. రాజలింగం గ్లాసంతా ఒక్క గుక్కలో దించి మీసం తుడుచుకున్నాడు.

"ఇగ చూడు అల్లుడా! నీ పెండ్లాం నన్ను ఆగుమన్నది. దీంట్ల ఏం రోగమున్నదో చెప్పుమను."

ఉదయలక్ష్మి నవ్వింది గానీ నవ్వు కింద ఏదో జారింది. నిజంగానే బాగుంది. ఒకవేళ తప్పు పోయడంలో లేదేమో? అట్ట వాసన ఇంకెక్కడినుంచో వచ్చిందేమో? అయితే అల్మారాలో బట్టల మధ్య నిద్రపోతున్న సీసాలన్నీ కూడా...

"ఇయ్యాల జనవరి ఒకటే గద మామా" అన్నాడు పాండురంగ. "దాని తేదీ ఇంక రాలే."

నాలుగో ఎర్ర దారం సీసాని ఆమె తెరవనివ్వలేదు. మిగతావాటి వెనక దాచింది. ఆ నెలంతా రాజలింగం రోజూ ఏదో ఒక వంకతో అల్మారా దగ్గరికొచ్చేవాడు. తువ్వాలు కావాలనేవాడు, దుప్పటి కావాలనేవాడు. నడి వేసవిలో దుప్పటి! "ఒక్కటి, బిడ్డా. బతికున్నదా లేదా చూస్త." ఆమె తాళం వేసి తాళంచెవి బొడ్లో దోపుకుంది.

ఫిబ్రవరి ఆదివారం. స్కౌట్ హాల్లో పంకాలు వేడి గాలినే ఇటునుంచి అటు తిప్పుతున్నాయి. అర మీద ఆ ఖాళీ అలాగే ఉంది. ఉదయలక్ష్మి దానివైపు చూడకుండా ఉండటానికి నేల చూస్తూ నడిచింది. తన వంతు రాకముందే తండ్రిని హాలు వెనక గడ్డిలోకి తీసుకెళ్ళి, నాలుగో ఎర్ర దారం సీసా తెరిచింది. ముందు వాసన చూసింది. గుండె ఒక మెట్టు కిందికి దిగింది, ఇంకో మెట్టు పైకెక్కింది. తడిసిన అట్ట! అదే! తప్పు పోయడంలోనే ఉందన్నమాట! ఆ వాసన వచ్చినందుకు ఇంత సంతోషపడిన మనిషి ఆ హాలు చరిత్రలో ఇంకొకరు ఉండరు.

రాజలింగం గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఒక చుక్క నాలుక మీద వేసుకున్నాడు. 

"ఇది సచ్చింది. నా చేతుల్నే సచ్చింది" అని గ్లాసుని గడ్డిలో వంచాడు. ఆ తర్వాత తలెత్తి కళ్ళు చిన్నవి చేసి నవ్వాడు. "అయితే ఏందే? కొత్త సంవత్సరం నాడు ఎట్లుండె చెప్పు!"

"బంగారం లెక్క ఉండె బాపూ."

"గది చాలు. నడువు, ఇగ నీది తెరుస్తరు."

లెస్ సీసాని వెలుగుకెత్తి చూశాడు. మూత తీశాడు. బుస్సు లేదు. ఒక చిన్న నిట్టూర్పు, నిద్రలోంచి ఎవరో ఇటు తిరిగి పడుకున్నట్టు. గ్లాసు వంచి పోశాడు. వాసన చూశాడు. ఒక గుక్క నోట్లో తిప్పాడు. ఉదయలక్ష్మి అతని చేతినే చూస్తోంది. గ్లాసుని పక్కకి జరుపుతుందా ఆ చెయ్యి? గ్లెనిస్ ఆమె వేళ్ళు పట్టుకుని ఎముకలు నొప్పెట్టేలా నొక్కుతోంది. పాండురంగ అర కింద నిలబడి, ఊపిరి బిగబట్టి, ఎర్రబడిపోతున్నాడు.

చెయ్యి కదిలింది. గ్లాసు మళ్ళీ నోటికే వెళ్ళింది. రెండో గుక్క. మూడోది. మీసం మీద నురగ తుడుచుకోకుండానే లెస్ ఇంకో చెయ్యి చాపి, సీసా అందుకుని, మిగిలింది కూడా తనే పోసుకోబోయి, ఆగి, చుట్టూ చూశాడు. హాలంతా ఘొల్లుమంది. లెస్ రెండో గ్లాసు పోసుకోవడం ఎవరూ ఎప్పుడూ చూడలేదట.

"నిన్న నింపినట్టుంది" అన్నాడు. "ఎవరు నింపారు దీన్ని?"

ఉదయలక్ష్మి తండ్రి వైపు చెయ్యి చూపించింది. లెస్ ఏమంటున్నాడో అర్థం కాక రాజలింగం కూతురి వైపు చూశాడు.

"ఎవ్వలు నింపిర్రని అడుగుతుండు బాపూ."

రాజలింగం తల అడ్డంగా ఊపాడు. "చెట్టు నింపిందని చెప్పు. చేసింది నా బిడ్డ అని చెప్పు."

చెప్పింది. మొదటి మాట ఎవరికీ అర్థం కాలేదు, రెండోది అందరికీ అర్థమైంది. అప్పటికే గ్లెనిస్ స్టూలెక్కింది. తెరవని సీసా ఒకటి, మెడకి పేరు రాసిన చీటీతో, ఆ ఖాళీలోకి జరిపింది. సరిగ్గా పట్టింది. మార్చి తర్వాత తాము ఏ దేశంలో ఉన్నా ఆ సీసా ఇక్కడే ఉంటుంది. గాలి తగలకుండా, తన పేరుతో, ఆ రెండు పేర్ల మధ్య. ఉదయలక్ష్మికి కళ్ళు మసకబారి తన పేరు తనకే కనిపించలేదు.

మిగిలిన సీసాలు బల్ల మీద ఉన్నాయి. చుట్టూ గ్లాసులు పట్టుకుని జనం. దాహంగా, సందడిగా, మండువలో సాయంత్రంలా. ఉదయలక్ష్మి ఒక సీసా మూత తీసింది. అడుగున పేరుకున్న మడ్డి కదలకుండా నెమ్మదిగా తండ్రి చేతికిచ్చింది.

"ఇగ తాగుడే బాపూ. ఇప్పుడు పొయ్యి. అవ్వ లెక్క."

"నిజంగ?"

"ఎంత ఎత్తయినా సరే."

రాజలింగం తువ్వాలు భుజం మీద సర్దుకున్నాడు. సీసాని భుజం దాకా, తల దాకా, తల పైకి ఎత్తాడు. మణికట్టు వంగింది. కిటికీలోంచి పడుతున్న మధ్యాహ్నంలో బంగారు దారం ఒకటి కిందికి దిగింది, సన్నగా, తెగకుండా. కింద గ్లాసు పట్టుకున్న లెస్ నిదానం మర్చిపోయి మునివేళ్ళ మీద నిలబడ్డాడు. ఒక్క చుక్క పక్కన పడలేదు. నురగ లేచింది, గ్లాసు అంచు దాటింది, పువ్వులా విచ్చుకుంది.

హాలంతా ఒకేసారి అరిచింది. వాళ్ళందరికన్నా గట్టిగా ఉదయలక్ష్మి అరిచింది.